యువరాణి గౌను మ్యూజియంకి వచ్చాక: రాజవస్త్రాన్ని భద్రపరిచే పని, మొదటి నుంచి చివరిదాకా

1956 ఏప్రిల్ 19న మొనాకోలోని సెయింట్ నికొలస్ కథెడ్రల్‌లో గ్రేస్ కెల్లీ పెళ్లి జరిగింది. వరుడు ఆ దేశపు పాలకుడు ప్రిన్స్ రైనియర్. హాలీవుడ్ తార యువరాణి అయిన ఆ సందర్భానికి వేసుకున్న గౌను ఎం.జి.ఎం. స్టూడియోవాళ్ల కానుక. వాళ్ల కాస్ట్యూమ్ డిజైనర్ హెలెన్ రోజ్ దాన్ని రూపొందిస్తే, మూడు డజన్ల మంది ఆరు వారాలపాటు కుట్టారు. పట్టు టాఫెటా, పట్టు నెట్, అప్పటికే ఎంతో పాతదైన రోజ్ పాయింట్ లేస్, దాని మీద సన్నటి ముత్యాలు. పెళ్లయిన కొద్ది వారాలకే ఆ గౌను ఆమె పుట్టిన ఊరు ఫిలడెల్ఫియాలోని ఆర్ట్ మ్యూజియంకి చేరిపోయింది.

ఈ వివరం ముఖ్యం. రాజకుటుంబాల బట్టలు చాలావరకు రెండు మూడు తరాలు పెట్టెల్లో, అటకల మీద మగ్గి, నలుగురు చేతులు మారి మ్యూజియంకి వస్తాయి. ఏ చిరుగు ఎప్పటిదో చెప్పడం కష్టం. ఇది మాత్రం దాదాపు కొత్తగా వచ్చింది. ఇలాంటి బట్ట విషయంలో 'మా దగ్గరికి వచ్చేసరికే పాడైంది' అని తప్పించుకోవడానికి మ్యూజియంకి వీలుండదు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రధాన ఉదాహరణగా దీన్నే తీసుకుంటున్నాను. అవసరమైన చోట డయానా, విక్టోరియా, స్వీడన్ రాజు గుస్తావ్ కూడా వస్తారు. చిన్న మ్యూజియంలలో పనిచేసేవాళ్లని, మ్యూజియాలజీ చదివేవాళ్లని మనసులో పెట్టుకుని రాసినా, బీరువాలో అమ్మమ్మ పెళ్లి పట్టుచీర దాచుకున్నవాళ్లకీ ఇందులో సగం పనికొస్తుంది.

ముందే ఒక మాట. బట్టని కొత్తదానిలా మెరిపించడం మ్యూజియం పని కాదు. ఆ మనిషి వేసుకున్న బట్టగా, వేసుకున్న గుర్తులతో సహా నిలపడం పని. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఏదో ఒక దగ్గర ఈ రెండింటికీ పేచీ వస్తుంది.

1. రాగానే విడిగా పెట్టండి

పెట్టె తెరవగానే ఉతకాలని, ఇస్త్రీ చేయాలని, కనీసం దులపాలని చేతులు ఊరతాయి. ఏమీ చేయొద్దు. పారదర్శకమైన పాలిథిన్ కవర్లో పెట్టి సీల్ చేసి, మిగతా సేకరణకి దూరంగా ఒక గదిలో ఉంచండి. బట్టల చిమ్మట, కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు, సిల్వర్ ఫిష్: ఈ మూడింటిలో ఏది లోపలికి వచ్చినా మీ పాత బట్టలకి కూడా పాకుతుంది. ఉన్ని, ఈకలు, బొచ్చు మొదటి రెండింటికీ ఇష్టం. చెమట, తిండి మరకలున్న పట్టునీ వదలవు. కవరు అడుగున ఇసుక లాంటి రెట్ట, పొట్టు, గూళ్ల దారాలు కనిపిస్తే అనుమానించండి.

పురుగు ఉందని తేలితే చల్లబరచడమే మందు. మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు, లేదా మామూలు డీప్ ఫ్రీజర్ ఇచ్చే మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే గాలిలోని తేమ బట్ట మీద నీరుగా దిగుతుంది. మైనం పూలు, రంగు వేసిన భాగాలు, పెచ్చులూడే పూసలు ఉంటే ఫ్రీజర్ వద్దు. వాటికి ఆక్సిజన్ తీసేసిన కవర్లో వారాల తరబడి ఉంచే పద్ధతి ఉంది.

కలరా ఉండలు మాత్రం వేయకండి. వాటి ఆవిరి మనుషులకి మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్ గుండీలనీ పూసలనీ మెత్తబరుస్తుంది. వేపాకు వాసన బాగానే ఉంటుంది కానీ పట్టు మీద మరక పడితే పోదు.

2. కాగితాలు, నంబరు

దానపత్రం, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వరస, వేసుకున్న రోజు తీసిన ఫోటోలు: ఈ మూడూ బట్టతోపాటే రావాలి. డయానా 1985 నవంబరు 9న వైట్‌హౌస్ విందులో నటుడు జాన్ ట్రవోల్టాతో నాట్యం చేసినప్పుడు వేసుకున్న ముదురు నీలం వెల్వెట్ గౌను చూడండి. విక్టర్ ఎడెల్‌స్టైన్ చేసినది. 1997లో న్యూయార్క్ వేలంలో అమ్ముడై, చేతులు మారి, చివరికి 2019లో బ్రిటన్ రాజభవనాల్ని చూసుకునే హిస్టారిక్ రాయల్ ప్యాలెసెస్ సంస్థ కొనుక్కుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా అది 'అలాంటి ఒక నీలం గౌను' మాత్రమే.

దానపత్రంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ఈ బట్టని ఎవరూ, ఎప్పుడూ, ఏ కారణానికీ వేసుకోరాదు. ఇప్పుడు ఇది అతిగా అనిపిస్తుంది. ఎందుకో తొమ్మిదో మెట్టులో తెలుస్తుంది.

నంబరుని బట్ట మీద రాయొద్దు. ఉతికిన నూలు టేపు ముక్క మీద చెరగని పిగ్మెంట్ పెన్నుతో రాసి, అది ఆరాక, లోపలివైపు కుట్టు మడతలో రెండు మూడు వదులు కుట్లతో తగిలించాలి. ప్రతి భాగానికీ విడి నంబరు. గ్రేస్ కెల్లీ పెళ్లి దుస్తులంటే ఒక గౌను అనుకుంటాం. నిజానికి పైభాగం, స్కర్టు, లోపలి పావడాలు, నడుముపట్టీ, వెనక జారే భాగం, తలమీది టోపీ, ముసుగు, బూట్లు, ముత్యాలు కుట్టిన ప్రార్థన పుస్తకం. ఏది తప్పిపోయినా మిగతావి అబద్ధం చెబుతాయి. లోపావడా లేకుండా నిలబెట్టిన ఆ స్కర్టు ఆమె వేసుకున్న స్కర్టు ఆకారంలో ఉండదు.

3. ఉన్న స్థితిని రాసుకోండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. తొందరపడేవాళ్లు ఫోటో తీసి 'పరిస్థితి: బాగుంది' అని రాసి ఊరుకుంటారు. పదేళ్ల తర్వాత చంక దగ్గర చీలిక కనిపిస్తే, అది వచ్చినప్పటిదా ప్రదర్శనలో పడ్డదా ఎవరూ చెప్పలేరు.

ముందు, వెనక, పక్కలు, లోపల ఫోటోలు తీయండి. పక్కన కొలబద్ద, రంగుల కార్డు ఉండాలి. తర్వాత గదిలో లైట్లు తగ్గించి, ఒక పక్క నుంచి వాలుగా వెలుతురు పడేలా టార్చి పట్టుకోండి. నేరుగా చూస్తే కనపడని ముడతలు, లేచిన దారాలు, నలిగిన వెల్వెట్ నూగు ఆ నీడల్లో తేలతాయి. గౌను బొమ్మ గీసుకుని, కనిపించిన ప్రతిదాన్నీ దాని మీద గుర్తు పెట్టండి. పెన్సిలే వాడండి, టేబుల్ దరిదాపుల్లోకి పెన్ను రానివ్వొద్దు.

తర్వాత లోపలివైపు చూడండి. బట్ట నిజం లోపలే ఉంటుంది. గ్రేస్ గౌను పైభాగంలో లేస్ అతుకులు బయటికి కనపడవు. ముక్కల్ని కలిపాక అతుకుల మీద మళ్లీ పువ్వులు కుట్టి కప్పేశారు. పైనుంచి చూసేవాడికి అంతా ఒకటే లేస్. లేస్ ఒక వయసుది, కింద నెట్ 1956 నాటిది, రెంటి బలమూ వేరు. బరువు ఎక్కడ ఎవరి మీద పడుతోందో తెలియాలంటే పొరల వరస తెలియాలి. ముత్యాల బరువు మోస్తున్నది లేసా, నెట్టా? ఆ జవాబు మీదే తర్వాతి మద్దతు కుట్టు ఆధారపడుతుంది.

పట్టు ఏ కాలానిదో కూడా చూడండి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్ పట్టుకి తగరం లవణాలు పట్టించి బరువు పెంచేవాళ్లు. పట్టుపోగుకి సహజంగా ఉండే బంక తీసేస్తే తగ్గిన బరువుని అలా పూడ్చేవాళ్లన్నమాట. ఒంటి మీద ఘనంగా జారేది. నూరేళ్లయ్యాక అదే పట్టు మడత పెట్టిన చోటల్లా గీతలు గీతలుగా చీలి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. పెట్టెలో ఎవరూ తాకకుండా ఉంచినా అంతే. అలాంటి గౌను మీకు వస్తే బొమ్మ మీద నిలబెట్టే ఆశ మొదటి రోజే వదులుకోండి.

లోహాల సంగతి వేరే రాసుకోవాలి. హుక్కులు తుప్పు పట్టాయా, జరీ నల్లబడిందా? గ్రేస్ కుడి బూటులో అదృష్టం కోసం ఒక రాగి పెన్నీని అమర్చారు. రాగి తేమ తగిలితే పచ్చబడుతుంది, పక్కనున్న తోలునీ పట్టునీ తినేస్తుంది. అలాగని దాన్ని ఊడదీస్తే బూటు కథే పోతుంది. ఇలాంటి చోట సరైన పని, బూట్లని గౌనుకి దూరంగా వేరే పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంచి, ఏటా ఫోటో తీసి పోల్చుకోవడం.

4. ముట్టుకునే పద్ధతి

ఉంగరాలు, గాజులు, వాచీ, మెడలో వేలాడే ఐడీ కార్డు తీసేయాలి. లిప్‌స్టిక్, హ్యాండ్ క్రీమ్ వద్దు. తెల్ల నూలు గ్లవ్స్ ఫోటోల్లో బాగుంటాయి కానీ లేస్‌కీ ముత్యాలకీ తగులుకుంటాయి. పలచటి రబ్బరులాంటి నైట్రైల్ గ్లవ్స్ మేలు, లేదంటే శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు. భుజాల దగ్గర పట్టుకుని ఎత్తకూడదు. కింద గట్టి అట్టో, గుడ్డో చాచి, దాన్ని మోయాలి. పెద్ద గౌనుకి ముగ్గురు కావాలి. ఒకరు పైభాగం, ఒకరు స్కర్టు, మూడో మనిషి తలుపు తీయడానికి, దారి చెప్పడానికి.

5. శుభ్రం చేయడం, లేదా చేయకపోవడం

స్టాక్‌హోమ్‌లోని రాజాయుధ మ్యూజియంలో మూడో గుస్తావ్ రాజు మాస్కరేడ్ దుస్తులు ఉన్నాయి. 1792 మార్చి 16న అవి వేసుకుని ముసుగు నాట్యానికి వెళ్లినప్పుడే ఆయన్ని వెనకనుంచి కాల్చారు. రెండు వారాలు తిరక్కుండానే చనిపోయాడు. ఆ దుస్తులకి తూటా రంధ్రం ఉంది, రక్తం మరక ఉంది. వాటిని ఉతికి, రంధ్రానికి అతుకు వేసి పెడితే మిగిలేది ఒక పాత నల్ల కోటు.

అంత నాటకీయం కాకపోయినా ప్రతి బట్టలోనూ ఇదే ప్రశ్న. చంక దగ్గర చెమట మరక, మెడ దగ్గర పౌడరు, కింది అంచున రాతి మెట్ల దుమ్ము: ఇవి వేసుకున్న గుర్తులు. పెట్టె కర్ర నుంచి దిగిన గోధుమరంగు మరక, నిన్నటి గిడ్డంగి దుమ్ము గుర్తులు కావు, నష్టం. మొదటివి రాసి వదిలేయండి. రెండోవాటిని తీయొచ్చు.

దుమ్ము తీయడానికి బట్ట మీద సన్నటి నైలాన్ నెట్ పరిచి, వాక్యూమ్ క్లీనర్ పీల్పుని బాగా తగ్గించి, మెత్తటి బ్రష్‌తో దుమ్ముని గొట్టంవైపు నడిపించాలి. గొట్టాన్ని బట్టకి ఆనించకూడదు. ముత్యాలు, పూసలు ఊడితే ఆ నెట్టే ఆపుతుంది.

నీళ్ల జోలికి వెళ్లే ముందు ప్రతి రంగునీ, ప్రతి దారాన్నీ విడివిడిగా కనపడని చోట ఒక చుక్క డీఅయోనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితో, బ్లాటింగ్ కాగితంతో పరీక్షించాలి. పట్టు తడిస్తే బలం తగ్గుతుంది, పొరలు ఒక్కో రకంగా ముడుచుకుంటాయి. అనుమానం ఉంటే ఆగిపోండి. డ్రైక్లీనింగ్ షాపుకి పంపే ఆలోచన అసలే వద్దు. అక్కడ డ్రమ్ములో తిప్పుతారు, నకిలీ ముత్యాల పూత కరిగిపోవచ్చు.

ముడతల విషయంలో నాకు ఒక ఇష్టమైన ఉదాహరణ ఉంది. 1981 జులై 29న డయానా గాజు బండి దిగేసరికి ఆమె ఐవరీ టాఫెటా గౌను నలిగిపోయి ఉంది. ఇరవై అయిదు అడుగుల వెనక కుచ్చుని ఆ ఇరుకులో మడిచి కూర్చున్నారు మరి. ప్రపంచమంతా టీవీలో ఆ ముడతలు చూసింది. అవి చరిత్ర. ఆ తర్వాత పెట్టెలో పడ్డ మడతలు చరిత్ర కావు. ఇస్త్రీ పెట్టెకి ఈ తేడా తెలియదు. ఫోటోలు పక్కన పెట్టుకుని, పెట్టె మడతల్ని మాత్రమే చల్లటి సన్న తేమతో, చేతివేళ్లతో, రోజుల తరబడి నెమ్మదిగా సర్దుతారు.

6. మద్దతు కుట్టు

చిరుగుకి అతుకు వేయడం కాదు ఇది. చిరుగు వెనక అదే రంగు అద్దిన పలచటి పట్టుగుడ్డ పెట్టి, వెంట్రుక మందం పట్టుదారంతో, వంపు సూదితో, పోగుల మధ్య ఖాళీల్లోంచి కుట్టాలి, పోగుని గుచ్చకూడదు. చీలిన పోగుల మీదుగా పొడవాటి దారం వేసి, దాన్ని చిన్న చిన్న అడ్డకుట్లతో పట్టి ఉంచుతారు. పరీక్ష తేలికే: రేపు ఇంకొకరు ఈ కుట్టు విప్పితే బట్ట మీద కొత్త గాయం మిగలకూడదు. జిగురు, ఫెవికాల్, ఇస్త్రీతో అంటుకునే క్యాన్వాసు: వీటిలో ఏదీ ఈ పరీక్ష నెగ్గదు.

7. పెట్టె

భుజాలు గట్టిగా ఉన్న తేలిక బట్టనే మెత్త పెట్టిన హ్యాంగరుకి వేలాడదీయాలి. ముత్యాలున్నవి, ఏటవాలుగా కత్తిరించినవి, బరువైన వెల్వెట్‌వి అన్నీ పడుకోబెట్టాలి. తన బరువుకి తానే సాగిపోవడం వీటికున్న పెద్ద జబ్బు. పెట్టె వీలైనంత పెద్దది, యాసిడ్ లేని అట్టతో చేసినది కావాలి. మడత తప్పనిచోట టిష్యూ కాగితాన్ని చుట్ట చుట్టి మడత లోపల పెట్టాలి, అప్పుడు పదునైన గీత పడదు. చేతుల్లోకి, పైభాగంలోకి కూడా టిష్యూ వదులుగా నింపాలి. పట్టుకీ ఉన్నికీ క్షారం కలపని టిష్యూ వాడాలి. క్షారం కలిపినది నూలు, నారబట్టలకి.

చెక్క బీరువా మీద మనకున్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పొడవాటి చెక్క వార్డ్‌రోబ్ చూసినవాళ్లు బట్టలు దాచడమంటే ఇదీ అనుకుంటారు. వస్తువుగా అది అద్భుతం. బట్టల పక్షాన మాట్లాడితే, చెక్క, ముఖ్యంగా ప్లైవుడ్, ఏళ్లపాటు ఆమ్లపు ఆవిరి వదులుతూనే ఉంటుంది. పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు అలమరా మేలు. పెట్టె, గుడ్డ, రంగు దేని మీద అనుమానం ఉన్నా ఆడీ పరీక్ష చేయించండి. 1970ల్లో బ్రిటిష్ మ్యూజియంలో మొదలైన పద్ధతి ఇది. ఆ పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో, కాస్త నీటితో గాజు సీసాలో మూసి 60 డిగ్రీల్లో 28 రోజులు ఉంచుతారు. ఏ లోహం రంగు మారినా ఆ పదార్థం పనికిరాదు.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం, వేడి 20 డిగ్రీల చుట్టూ ఉంటే మంచిది. అంకె కంటే నిలకడ ముఖ్యం. మన ఆఫీసుల్లో సాయంత్రం అయిదింటికి ఏసీ ఆపేసి పొద్దున్న వేస్తారు. బట్టకి అంతకంటే హాని లేదు, రోజూ ఉబ్బి రోజూ ముడుచుకుంటుంది. రోజంతా ఏసీ నడిపే బడ్జెట్ లేకపోతే అసలు వేయకుండా, మందపాటి గోడలున్న లోపలి గదిలో పెట్టెలో పెట్టెగా దాచడం నయం. వానాకాలంలో తేమ 65 దాటనివ్వకండి, ఆ పైన బూజు మొదలవుతుంది.

పెట్టె మీద గౌను ఫోటో అంటించండి. ఏముందో చూడటానికి మూత తీసే పని తప్పుతుంది.

8. ప్రదర్శన

బొమ్మకి బట్ట తొడగరు, బట్టకి బొమ్మని తయారుచేస్తారు. కొలతలన్నీ బట్ట నుంచే తీసుకుని, వాటికంటే చిన్న మొండెంతో మొదలుపెట్టి, పాలియెస్టర్ దూదితో పొర పొరగా పెంచి, పైన మెత్తటి అల్లిక గుడ్డ తొడుగుతారు. షాపుల్లో దొరికే బొమ్మ కొలతలు ఏ యువరాణివీ కావు. గంట ఆకారపు స్కర్టుకి లోపల కొత్త నెట్ పావడాలు కుట్టి బరువంతా వాటి మీద పడేలా చూడాలి, నడుము కుట్టు మీద కాదు.

ఇక వెలుతురు. కాంతికి పోయింది తిరిగి రాదు, ఖర్చుపెట్టిన డబ్బులా. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు; పట్టుకి పెట్టుకునే హద్దు 50 లక్స్. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు, మూడు నెలలు చూపిస్తే దాదాపు 31,000 లక్స్-గంటలు ఖర్చు. అదే గౌనుని కిటికీ పక్కన పెట్టి 50,000 లక్స్ ఎండ ఒక్క గంట తగలనిస్తే, మూడు నెలల ప్రదర్శన కంటే ఎక్కువ అప్పుడే అయిపోయింది. అతినీలలోహిత కిరణాలకి గాజు మీద ఫిల్టర్ తప్పనిసరి. ఫ్లాష్ ఫోటోల మీద చర్చ అనవసరం, నిషేధించండి.

మూడు నుంచి ఆరు నెలలు చూపించి, తర్వాత కొన్నేళ్లు చీకట్లో ఉంచడం మంచి ఆనవాయితీ. గ్రేస్ గౌను 1956 జూన్‌లోనే జనం ముందుకొచ్చింది. ఇప్పుడు దాన్ని సున్నితమైనదిగా చూసుకుంటూ అరుదుగా బయటపెడతారు. పెళ్లికి యాభై ఏళ్లు నిండిన 2006లో దాని కోసమే ఒక ప్రదర్శన పెట్టారు. టికెట్టు కొన్న సందర్శకుడికి గౌను కనపడకపోతే కోపం వస్తుంది, నిజమే. కానీ ఇంకా పుట్టని సందర్శకుల వాటా కూడా ఆ ఖాతాలోనే ఉంది.

9. 'ఒక్కసారి ఇవ్వండి' అనేవాళ్లకి

2022లో న్యూయార్క్‌లో మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకి టీవీ తార కిమ్ కర్దాషియన్, సినీతార మార్లిన్ మన్రో 1962లో వేసుకున్న గౌను వేసుకెళ్లింది. అది రాజవస్త్రం కాదు, కానీ ఆ తర్వాత అంతర్జాతీయ మ్యూజియంల మండలి వస్త్ర విభాగం, చారిత్రక దుస్తుల్ని ఎవరూ వేసుకోకూడదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఒంటి వేడి, చెమట, మేకప్, వంగినప్పుడు కుట్ల మీద పడే ఒత్తిడి: కొన్ని నిమిషాలు చాలు. మంత్రిగారి కూతురి ఫోటోషూట్‌కి, సినిమావాళ్లకి, స్వయంగా దాత కుటుంబానికి కూడా జవాబు ఒకటే. రెండో మెట్టులో రాయించుకున్న వాక్యం చూపించండి, గొడవ మీదాకా రాదు.

నకలు చేయించడం చిన్నతనం కాదు. విక్టోరియా రాణి 1840 పెళ్లి గౌనుకున్న హోనిటన్ లేస్ బాగా సున్నితమైపోయింది. ఇలాంటి చోట అసలు పట్టుని చూపించి, లేస్‌కి మాత్రం నకలు పెట్టొచ్చు. నకలని బోర్డు మీద రాస్తే చాలు. అసలు దానికంటే నకలు దగ్గరే పిల్లలు ఎక్కువసేపు నిలబడతారు, ముట్టుకోనిస్తే మరీను.

10. ఏటా చూసుకోవాల్సినవి

జిగురు అట్టల మీద చిక్కిన పురుగుల్ని నెలకోసారి లెక్కపెట్టి రాయండి. టిష్యూ నలిగితే మార్చండి, మడత గీతల చోటు జరపండి. మూడో మెట్టు నాటి ఫోటోలతో పోల్చండి. వెలుతురు ఖర్చు పుస్తకంలో ఈ ఏటి మొత్తం వేయండి.

పెట్టె నేల నుంచి కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తున, నీళ్ల పైపుల కింద కాకుండా ఉండాలి. ప్రమాదం వస్తే ముందు ఏ పెట్టె బయటికి మోయాలో జాబితా రాసి, రాత్రి వాచ్‌మన్ దగ్గర ఒక కాపీ ఉంచండి. తాళం ఎవరి దగ్గరుంటుందో, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరి దగ్గరుంటుందో కూడా అందులోనే రాయండి. తడిసిన బట్టని ఎండలో వేయొద్దు, పిండొద్దు. చదునుగా తెల్ల గుడ్డ మీద పరిచి ఫ్యాన్ గాలి పక్కనుంచి తగిలేలా పెట్టి, కన్సర్వేటర్‌కి (పాత వస్తువుల్ని బాగుచేసి భద్రపరిచే నిపుణుడికి) ఫోన్ చేయండి. ఆ ఫోన్ నంబరు పెట్టె మూత మీద, ఫోటో పక్కనే ఉండాలి.